గోలీసోడా కబుర్లు

భోజనాలయి, వంటిల్లు సర్దుకుని, ఫ్యాను కింద కాసేపు నడుం వాల్చే వేళ ఇది. ఇలాంటి వేళ సోడా గురించి మాట్లాడతానంటే కొందరికి నవ్వు రావచ్చు. "సోడాలో ఏముందండీ, నీళ్ళూ గాలీ తప్ప!" అంటారు. నిజమే, ఇంకేమీ లేదు. కానీ ఆ నీళ్ళకీ గాలికీ రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. వాటిని నమ్ముకుని పొట్టపోసుకున్న కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. అదీగాక, సెలవులకి పిల్లలంతా ఒకచోట చేరి "అమ్మా, కూల్ డ్రింకు" అని కొంగు పట్టుకున్నప్పుడు ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏది ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అని తేల్చవలసింది ఇంటి ఇల్లాలే గదా. అందుకే ఈ కబుర్లు.

గోలీసోడా సీసాని చూడని ఇల్లాలు పాతతరంలో లేదు. ఇప్పటి పిల్లలకి మాత్రం చెప్పాల్సిందే. దళసరి గాజు, కొంచెం పచ్చని రంగు, మెడ దగ్గర ఎవరో వేళ్ళతో నొక్కినట్టు సన్నని నడుం, ఆ పైన చిన్న గది, ఆ గదిలో గాజు గోలీ. సీసా గాజు ఎంత మందమంటే, లావుపాటి కళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళని "సోడాబుడ్డి" అని ఏడిపించడం మన భాషలోకి ఎక్కిపోయింది. పేరు పలకడంలో కూడా తలోదారి. కొందరు సోడా అంటారు, కొందరు షోడా అంటారు. షోడా అన్నవాళ్ళకే దాని రుచి బాగా తెలుసని నా అనుమానం.

ఇది మన దేశంలో పుట్టిన వస్తువు కాదు. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ పట్నంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే మతబోధకుడు ఒక బీరు తయారుచేసేచోటి పక్కన కాపురముండేవాడు. పులుస్తున్న బీరు తొట్ల మీద బరువైన వాయువొకటి పొరలాగా నిలబడటం గమనించి, ఆ పొరలో గిన్నెడు నీళ్ళు వేలాడదీశాడు. నీళ్ళు ఆ వాయువుని పీల్చుకుని కాస్త పుల్లగా, చురుక్కుమనేలా తయారయ్యాయి. మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్న వాయువు అదే. 1772లో ఆయన ఈ పద్ధతిని చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఓడల మీద వెళ్ళే నావికులకి పళ్ళ చిగుళ్ళు చెడిపోయే స్కర్వీ జబ్బు ఈ నీళ్ళతో నయమవుతుందని ఆశపడ్డాడు కూడా. ఆ జబ్బుకి కావలసింది నిమ్మరసం, సోడా కాదు. చూశారా, మందుగా మొదలైన వస్తువు మందుగా పనికిరాకపోయినా రుచిగా నిలబడిపోయింది! 1783లో జెనీవాలో ష్వెప్ అనే ఆయన దీన్నే వ్యాపారం చేశాడు.

తయారుచేయడం తేలికే, మూతపెట్టడమే కష్టమైంది. బెరడు బిరడా పెడితే ఎండి కుంచించుకుపోయేది, గాలి కాస్తా పోయేది. అందుకని అడుగు గుండ్రంగా ఉండే గుడ్డు ఆకారపు సీసాలు చేశారు. వాటిని నిలబెట్టే వీలులేదు. పడుకోబెట్టాల్సిందే. అలా ఉంటే బిరడా తడిగా ఉండి బిగుసుకుపోయి ఉంటుందన్నమాట. ఈ అవస్థంతా తప్పించినవాడు హైరం కాడ్ అనే ఆంగ్లేయుడు. గోలీతో మూసుకునే సీసాకి 1872లో పేటెంటు తీసుకున్నాడు.

అందులోని తెలివి చూడండి. సీసా మూతి లోపల రబ్బరు వలయం ఒకటి ఉంటుంది. నీళ్ళుపోసి, గ్యాసు ఎక్కించి, సీసాని తలకిందులు చేస్తే గోలీ జారి మూతి దగ్గరికి వస్తుంది. లోపలి గ్యాసు దాన్ని తోసి రబ్బరుకి అదిమిపెడుతుంది. ఇక సీసాని ఎలా నిలబెట్టినా గోలీ కిందికి రాదు. గ్యాసు బయటికి పోదామని ఎంత తోస్తే తలుపు అంత గట్టిగా పడుతుంది! బొటనవేలితోనో చెక్క గుబ్బతోనో గోలీని లోపలికి నొక్కితే, కీచుమని అరిచి సోడా పొంగుతుంది. మెడలోని నొక్కులు అందానికి పెట్టినవి కావు. సీసా వంచి తాగేటప్పుడు నొక్కులున్న వైపు కిందికి పెడితే గోలీ అక్కడ ఆగుతుంది, ధార సాఫీగా వస్తుంది. రెండోవైపు వంచారా, గోలీ మూతికి అడ్డంపడి ఒక్క చుక్క రాదు. కొత్తగా తాగేవాళ్ళని చూసి సోడా కొట్టాయన నవ్వేది ఇందుకే.

తర్వాత 1892లో అమెరికాలో విలియం పెయింటర్ అనే ఆయన రేకు మూత కనిపెట్టాడు. చవక, యంత్రంతో చకచకా బిగించవచ్చు. దాంతో పశ్చిమదేశాల్లో గోలీసీసా క్రమంగా మూలపడింది. ఇప్పటికీ దాన్ని వదలనివాళ్ళు ఇద్దరే ఇద్దరు పెద్దవాళ్ళు: జపాను వాళ్ళు, మనం. జపానులో దాని పేరు రామూనే. లెమనేడ్ అన్న ఇంగ్లీషు మాట వాళ్ళ నాలుక మీద అలా తిరిగింది. ఢిల్లీ వాళ్ళకి ఇది బంటా. మనకి గోలీసోడా.

మన ఊళ్ళల్లో ఇది ఎందుకు నిలిచిందంటే, దీనికి పెద్ద కార్ఖానా అక్కర్లేదు. ఒక గది, ఒక గ్యాసు సిలిండరు, నాలుగైదు సీసాలు పట్టే ఇనప చట్రం, దాన్ని గిరగిరా తిప్పడానికి ఒక చక్రం చాలు. తిప్పడం ఎందుకంటారా? మజ్జిగ చిలికినట్టే. నీళ్ళు బాగా కదిలితేనే గ్యాసు కలుస్తుంది. భర్త చక్రం తిప్పుతుంటే భార్య సీసాలు కడగడం, పిల్లలు పెట్టెల్లో సర్దడం, ఇలా ఇంటిల్లిపాదీ చేసే పని. సీసా మళ్ళీ మళ్ళీ వాడుకునేదే. తాగి అక్కడే ఇచ్చేసి పోవాలి. పారేయడమనే మాట లేదు. ప్లాస్టిక్ చెత్త గురించి ఇవాళ మనం సభలు పెట్టుకుంటున్నాం గానీ, ఆ సోడా కొట్టు ఆ పాఠాన్ని ఎన్నడో నేర్చుకుంది. కాకపోతే గోలీల కోసం సీసా పగలగొట్టే పిల్లలతో మాత్రం కొట్టువాళ్ళకి ఎప్పుడూ తగాదానే.

సినిమా హాల్లో ఇంటర్వెల్ గంట మోగిందంటే, సీసాల మీద ఓపెనర్‌తో టింగుటింగుమని వాయిస్తూ వరసల మధ్య తిరిగే కుర్రాళ్ళు మీకు గుర్తుండే ఉంటారు. పద్యనాటకాల్లో రాగం లాగి లాగి అలసిన నటుడు సోడాతో గొంతు తడుపుకోవడం, ఎన్నికల సభలో వక్త ముందు సోడా పెట్టడం, ఇవన్నీ ఒకనాటి మర్యాదలు. సీసాని అందరూ నోట కరిచి తాగుతారు గనుక మడిగల పెద్దవాళ్ళు దాన్ని ముట్టేవారు కారు. కొందరు మాత్రం సొంత గ్లాసు తెప్పించుకుని, ఎత్తి పోయించుకుని, గుటకవేసి, "అబ్బ, చురుక్కుమందే" అని మెచ్చుకునేవారు. ఆచారం ఆచారమే, కడుపుబ్బరం కడుపుబ్బరమే!

మన తెలుగునాట సోడా కథలో చెప్పుకోవలసిన ఊరు రామచంద్రపురం. గోదావరి డెల్టాలో, ద్రాక్షారామానికి పక్కనే ఉంది. అద్దూరి రామచంద్రరాజుగారు అక్కడ 1919లో సోడా తయారీ మొదలుపెట్టారు. కరెంటు దీపం కూడా అరుదైన రోజులవి. కొట్టగానే కీచుమని అరిచి పొంగే సీసాని చూసి, అందులో దెయ్యం ఉందని జనం జడుసుకునేవారని ఒక కథ చెబుతారు. భయం పోయాక దాహం మిగిలింది. ఏ.ఆర్. రాజు డ్రింక్స్‌గా పేరుపడిన ఆ పానీయం 1955లో ఆర్టోస్ అన్న పేరు పెట్టుకుంది. 2019కి నూరేళ్ళు నిండాయి.

గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఆర్టోస్ అంటే పెళ్ళిళ్ళు, తీర్థాలు, వేసవి సెలవులు. అన్నిట్లోకీ ద్రాక్ష రుచికే అభిమానులు ఎక్కువ. ద్రాక్షారామం పక్కన ద్రాక్ష రుచి డ్రింకు దొరకడం తమాషాగా లేదూ? పెద్దలు చెప్పేదాని ప్రకారం ఆ ఊరి పేరుకి దక్షుడితోనే చుట్టరికం, ద్రాక్షపళ్ళతో కాదు లెండి. అయినా అత్తారింటికి హైదరాబాదు వెళ్ళిపోయిన అమ్మాయి పుట్టింటికి రాగానే "ముందు ఒక ఆర్టోస్" అంటుందంటే, అది దాహానికి అడిగేది కాదని తల్లికి తెలుసు.

పెద్ద కంపెనీల ముందు ఇలాంటి ఊరి డ్రింకు బతకడం మాటలు కాదు. విదేశీ వాటా తగ్గించుకోవాలన్న షరతు నచ్చక 1977లో కోకాకోలా మన దేశం విడిచి వెళ్ళిపోయింది. ఆ ఖాళీలో మన సొంత కంపెనీలు పుంజుకున్నాయి. థమ్స్ అప్ పుట్టింది అప్పుడే. ప్రభుత్వం కూడా 'డబుల్ సెవెన్' అని ఒకటి తెచ్చింది గానీ అది నిలవలేదు. 1990లో పెప్సీ వచ్చింది, 1993లో కోకాకోలా తిరిగొచ్చి థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్ పేర్లని కొనేసింది. అందులో గోల్డ్‌స్పాట్‌ని తర్వాత కనుమరుగు చేసింది. కొట్లకి ఉచితంగా ఫ్రిజ్‌లు ఇచ్చి, అందులో తమ సరుకే పెట్టాలనే పద్ధతి వచ్చాక, ఊరి సోడాకి ఐసుపెట్టెలో కూడా చోటు కరువైంది. పన్నుల దగ్గరా చిన్నవాడికి రాయితీ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి తీపి, రుచి కలిపిన గ్యాసు డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం. కోట్ల సీసాలు అమ్మేవాడికీ, జిల్లా దాటని వాడికీ ఒకటే రేటు. అదే 2025లో మన గోలీసోడా కొత్త సీసాలో అమెరికా, ఇంగ్లండు, గల్ఫ్ దేశాలకి ఎగుమతి అవుతోందని కేంద్ర వాణిజ్య మంత్రిత్వశాఖ ప్రకటించింది. దుబాయి బజారులో గౌరవం దొరికిన వస్తువు, పుట్టి పెరిగిన సందు చివర కొట్టులో దొరక్కుండా పోతే బాధగానే ఉంటుంది మరి.

ఇక రుచి మాటకొద్దాం. సోడా చురుక్కుమనడానికి కారణం బుడగలు పగలడమేనని చాలామంది అనుకుంటాం. అది కొంతే. గ్యాసు నీళ్ళల్లో కలిసినప్పుడు పలచని ఆమ్లం తయారవుతుంది. మన నాలుక మీద పులుపుని పట్టే కణాలే దాన్నీ పసిగడతాయని 2009లో అమెరికా శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ పైన మంటను తెలిపే నరాలు కూడా మేలుకుంటాయి. అంటే మిరపకాయ బజ్జీ తిని "హా" అంటామే, సోడా చురుకు దానికి దూరపు చుట్టమన్నమాట. ఎత్తు కొండలెక్కేవాళ్ళు జబ్బు చేయకుండా వేసుకునే ఒక మాత్ర ఉంది. అది వేసుకున్నాక సోడా, బీరు చప్పగా, కడిగిననీళ్ళలా అనిపిస్తాయట. బుడగలు అలాగే ఉంటాయి, చురుకే ఉండదు.

సోడాని చల్లగానే ఎందుకు తాగాలి? చల్లని నీళ్ళు గ్యాసుని ఎక్కువగా పట్టి ఉంచుతాయి. మామూలు చల్లదనంలో, అంటే 20 డిగ్రీల దగ్గర పట్టేదానికి దాదాపు రెట్టింపు గ్యాసు, గడ్డకట్టే చల్లదనంలో నీటిలో కరుగుతుంది. ఎండలో నిలబెట్టిన సీసా మూత తీయగానే సగం నేలపాలవడం అందుకే. అలాగే నిమ్మసోడాలో ఉప్పు వేయగానే బుసబుసా పొంగుతుంది చూడండి. ఉప్పు పలుకుల గరుకు మీద బుడగలు కట్టడానికి చోటు దొరుకుతుంది. కాబట్టి ముందు గ్లాసులో నిమ్మరసం, ఉప్పు బాగా కలిపేసి, సోడా ఆఖరున పక్కనుంచి జారవిడిస్తే పొంగిపోదు, చురుకూ మిగులుతుంది. నన్నడిగితే రంగు సోడాలన్నిటికంటే ఈ ఉప్పు నిమ్మసోడాదే అగ్రతాంబూలం. తర్వాత అల్లం సోడా. ఐస్‌క్రీమ్ సోడా అని ఒకటుంది. అందులో ఐస్‌క్రీమ్ ఉండదు, వెనిలా వాసన ఉంటుంది. మన మైసూరుపాకులో మైసూరు ఉందా ఏమిటి!

మంచి మాటలు చెప్పాను గదా అని, పిల్లలకి రోజూ పట్టించమని కాదు సుమండీ. ఇది మాత్రం కాస్త శ్రద్ధగా వినండి. తీపి కూల్ డ్రింకుల్లో సాధారణంగా 100 మిల్లీలీటర్లకి 10, 11 గ్రాముల పంచదార ఉంటుంది. అంటే చిన్న సీసా, 250 మిల్లీలీటర్లది తాగితే అయిదారు చెంచాల పంచదార కడుపులోకి వెళ్ళినట్టే. కాఫీలో అయిదు చెంచాలు వేసిస్తే మనవాడు తాగుతాడా? తాగడు. చల్లదనం, పులుపు ఆ తీపిని కప్పేస్తాయి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో చెప్పినదాని ప్రకారం పెద్దవాళ్ళకే రోజు మొత్తానికి ఇలాంటి పంచదార 25 గ్రాములు దాటకుండా ఉంటే మంచిది. ఆ ఒక్క సీసాతో వాటా అయిపోతోంది. ఊరి డ్రింకయినా, విదేశీ డ్రింకయినా ఈ లెక్కలో తేడా లేదు. మనదని అభిమానం ఉండవచ్చు, పంచదారకి మాత్రం అభిమానం ఉండదు.

సోడా తాగితే అరుగుతుందన్నది ఇంకో నమ్మకం. త్రేనుపు వస్తుంది, భారం దిగినట్టుంటుంది. ఆ వచ్చింది చాలావరకు మనం ఇప్పుడే మింగిన గ్యాసే! గుండెల్లో మంట, పుల్ల త్రేనుపులు ఉన్నవాళ్ళకి సోడా ఇంకా ఇబ్బంది చేస్తుంది. మాటిమాటికీ సోడా కావాలనిపించే కడుపుబ్బరం ఉంటే, ముఖ్యంగా నడివయసు దాటిన ఇంటాయన "గ్యాసే" అంటూ గుండె పట్టుకుంటే, సోడాకి కుర్రాణ్ణి పంపి కూర్చోకండి. డాక్టరు దగ్గరికి బయలుదేరండి. సోడా ఇచ్చి చూద్దామని ఆగిన అరగంట కొన్ని ఇళ్ళల్లో ఎంత ఖరీదైపోతుందో చెప్పనక్కర్లేదు.

పిల్లలకి విరేచనాలు పట్టుకున్నప్పుడు కూల్ డ్రింకు ఇవ్వడం కూడా చూస్తుంటాం. "ఏదో ఒకటి దిగుతోంది కదా" అని తల్లి ఆరాటం. కానీ ఆ చిక్కని తీపి పేగుల్లోకి ఇంకా నీరు లాగి విరేచనాలు పెంచవచ్చు. మందులషాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లం ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోండి. అది లేని అర్ధరాత్రి, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళల్లో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, చెంచాలన్నీ టీ చెంచాలే, తలకొట్టి కొలిచి కలిపి కొద్దికొద్దిగా పట్టించండి. ఉప్పు ఎక్కువ కానివ్వద్దు.

శుభ్రం సంగతీ చెప్పుకోవాలి. గోలీసీసా మెడలో బ్రష్షు సరిగా తిరగదు. గోలీ కింద, రబ్బరు సందున మురికి చేరుతుంది. నొక్కే బొటనవేలు అంతకుముందు ఏం పట్టుకుందో మనకి తెలియదు. కాబట్టి కొట్టులో సీసాలు పారేనీళ్ళల్లో కడుగుతున్నారా, గుబ్బతో నొక్కుతున్నారా చూడండి. సోడా కంటే అందులో వేసే బండ ఐసు ప్రమాదం, దాన్ని వద్దనండి. సీలువేసిన సీసా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల నంబరుందో లేదో చూసుకోండి. అలాగని పెద్ద పేరుంటే చాలని నిశ్చింతగానూ ఉండవద్దు. 2003 ఆగస్టులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ పేరుమోసిన కంపెనీల 12 రకాల డ్రింకుల్లో పురుగుమందుల ఆనవాళ్ళున్నాయని బయటపెట్టింది. పార్లమెంటు సంఘం 2004లో ఆ మాట నిజమేనంది.

మరి చుట్టాలొస్తే ఏమివ్వాలంటారా? రాయలసీమ సోదరీమణులకి ఈ బెంగ లేదు. వాళ్ళకి నన్నారి ఉంది. సుగంధిపాల వేళ్ళతో చేసే షర్బతు అది. ఆ వేరు వాసన వెనిలాకి దగ్గరి చుట్టం, రసాయనంలో నిజంగానే దగ్గర చుట్టం. మూలికలు అమ్మే కొట్లలో వేళ్ళు దొరుకుతాయి. 50 గ్రాముల వేళ్ళు మట్టి పోయేలా కడగండి. సువాసనంతా పై బెరడులోనే ఉంటుంది కనుక, రోట్లో తేలిగ్గా దంచి, లోపలి తెల్లని పుల్లని తీసి పారేయండి. బెరడుని లీటరు మరిగిన నీళ్ళల్లో వేసి మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న పలచని గుడ్డలో వడకట్టి, కిలో పంచదార వేసి, సన్నని సెగమీద వేళ్ళకి జిగురంటే దాకా కాచి, దించేముందు ఒక నిమ్మకాయ రసం పిండండి. నిమ్మరసం వేస్తే పాకం పలుకు కట్టదు. బాగా ఆరాక పొడి సీసాలో పోసుకోండి.

తాగేటప్పుడు గ్లాసులో రెండు చెంచాల పాకం, సగం నిమ్మచెక్క రసం, చిటికెడు ఉప్పు, ఫ్రిజ్‌లో పెట్టిన సాదా సోడా. ఎంత తీపి వేస్తున్నామో మన చెంచాకి తెలుస్తుంది. చక్కెరజబ్బున్న వాళ్ళకి పాకం మానేసి ఉప్పు, నిమ్మ, దంచిన అల్లం రసంతో ఇవ్వండి. నిమ్మగింజ గ్లాసులో పడకుండా చూసుకోండి, చేదెక్కుతుంది. సోడా పోశాక గరిటెతో కలపకండి, ఉన్న చురుకంతా పోతుంది. అతిథి చేతికి గ్లాసు అందాకే సీసా మూత తీయండి.